గంజాయి కేసులో శిక్షపై అప్పీలు: హనమకొండ అదాలత్ నుంచి హైకోర్టు దాకా

మత్తు పదార్థం అమ్మినందుకో, రవాణా చేసినందుకో, దగ్గర పెట్టుకున్నందుకో కింది కోర్టు వేసిన శిక్ష సరికాదని పైకోర్టుకు చెప్పుకోవడమే ఈ అప్పీలు. ఇది కొత్త విచారణ కాదు. సాక్షులు మళ్లీ బోనెక్కరు. పట్టుబడిన రోజు రాసిన పంచనామాను, కింది కోర్టులో నమోదైన సాక్ష్యాన్ని, ప్రయోగశాల నివేదికను పైకోర్టు మొదటి అక్షరం నుంచి మళ్లీ చదువుతుంది. ముద్దాయి జీవితంలో పదేళ్లు ఆ చదువు మీదే ఆధారపడి ఉంటాయి.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఈ తరహా కేసుల్లో ప్రధానమైనది గంజాయే. అందుకు ఆ జిల్లా ఉన్న చోటే కారణం. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని సీలేరు, చింతపల్లి, మల్కన్‌గిరి కొండల్లో పండిన సరుకు మహారాష్ట్రకు, ఉత్తరాదికి పోవాలంటే భద్రాచలం దాటి వచ్చే దారుల్లో కొన్ని వరంగల్ మీదుగానే వెళ్తాయి. ఇల్లెందు, మహబూబాబాద్ మీదుగా ఒకటి. ఏటూరునాగారం, ములుగు మీదుగా 163వ నంబరు జాతీయ రహదారి మరొకటి. ఇక రైలు సంగతి. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్లే లైను, సికింద్రాబాద్ వెళ్లే లైను విడిపోయేది కాజీపేట జంక్షన్‌లోనే. భువనేశ్వర్ నుంచి ముంబై వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ కాజీపేట మీదుగానే పోతుంది. అందుకే ఇక్కడి కేసుల్లో స్థానిక పోలీసులతో పాటు ఎక్సైజ్ శాఖ, రైల్వే పోలీసులు కూడా కనిపిస్తారు. బోనులో నిలబడేది మాత్రం చాలాసార్లు సరుకు యజమాని కాదు. కూలికి సంచి మోసినవాడో, కారు నడిపిన డ్రైవరో ఉంటాడు. వాళ్లలో ఒడియా తప్ప తెలుగు రానివాళ్లు, మరాఠీ తప్ప మరోటి తెలియనివాళ్లు ఉంటారు. తీర్పు మాత్రం ఇంగ్లిషులో వస్తుంది.

చట్టం, తూకం

1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన మాదకద్రవ్యాలు, మనఃప్రభావ పదార్థాల చట్టాన్ని కోర్టు ఆవరణలో అందరూ ఎన్‌డీపీఎస్ చట్టం అనే అంటారు. అది రాకముందు 1930 నాటి ప్రమాదకర మత్తుమందుల చట్టం, రాష్ట్రాల ఆబ్కారీ చట్టాలు ఈ వ్యవహారాన్ని చూసేవి. మొదట్లో గంజాయికి గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. 2001 సవరణతో శిక్షను తూకానికి ముడిపెట్టారు. గంజాయి కిలో లోపు ఉంటే స్వల్ప పరిమాణం. దానికి ఏడాది దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. దానికి పదేళ్లకు తగ్గని, ఇరవై ఏళ్లకు మించని కఠిన కారాగారం, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. మధ్యలో ఉన్నదానికి పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

ఇక్కడ గమనించాల్సిన మాట ఒకటుంది. వాణిజ్య పరిమాణమంటే నోటిఫికేషన్‌లో చెప్పిన తూకాన్ని మించినదని చట్టం నిర్వచించింది. అంటే సరిగ్గా 20 కిలోలైతే ఆ గీత దాటనట్టే. గీత దాటితే శిక్షను పదేళ్ల కంటే తగ్గించే అధికారం కింది కోర్టుకూ లేదు, హైకోర్టుకూ లేదు. కాబట్టి అప్పీలులో లాయరు చేసే పని రెండే దారుల్లో సాగుతుంది. కేసే నిలబడదని చూపడం ఒకటి, తూకం గీత దాటలేదని చూపడం రెండోది. 22 కిలోలు, 24 కిలోలు అని రాసిన కేసుల్లో రెండో దారికి చాలా విలువ ఉంటుంది. ఎందుకంటే చట్టం దృష్టిలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాత ఉన్న కొసలు మాత్రమే. కొసలతో కలిసి లేని ఆకులు, గింజలు లెక్కలోకి రావు. బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలను పొట్లాలుగానే కాటా మీద పెట్టి, టేపు, పాలిథిన్ కవరు, గోనె సంచి బరువుతో సహా రాసేసిన పంచనామాలను హైకోర్టు ముందు పెట్టి లాయర్లు అడిగే ప్రశ్న ఇదే: ఇందులో గంజాయి ఎంత?

ఏ కోర్టుకు, ఎన్ని రోజుల్లో

మూడేళ్లకు మించి శిక్ష పడగల నేరాలను సెషన్స్ స్థాయి ప్రత్యేక కోర్టే విచారించాలి. హనమకొండ అదాలత్ కూడలిలోని కోర్టుల ప్రాంగణంలో అలాంటి కోర్టు శిక్ష వేస్తే, దాని మీద అప్పీలు హైదరాబాద్‌లోని తెలంగాణ హైకోర్టుకు వెళ్తుంది. ఎన్‌డీపీఎస్ చట్టం 36బి సెక్షను ఈ అధికారాన్ని హైకోర్టుకు ఇచ్చింది. కిలో లోపు కేసులో మేజిస్ట్రేటు శిక్ష వేస్తే అప్పీలు హనమకొండలోనే, సెషన్స్ కోర్టులో వేయాలి. అప్పీలు విధానం ఇదివరకు 1973 నాటి నేర విచారణ స్మృతి 374వ సెక్షనులో ఉండేది. 2024 జూలై 1 నుంచి అదే సంగతి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 415వ సెక్షను అయింది. అప్పటికే పెండింగులో ఉన్న అప్పీళ్లు పాత స్మృతి కిందే నడుస్తాయి.

గడువును 1963 నాటి కాలపరిమితి చట్టం చెబుతుంది. హైకోర్టుకైతే తీర్పు తేదీ నుంచి 60 రోజులు, సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు. తీర్పు నకలు కోసం అర్జీ పెట్టి, అది చేతికి వచ్చేదాకా పట్టిన కాలాన్ని ఇందులోంచి మినహాయిస్తారు. గడువు దాటినా తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది. జైల్లో ఉన్నవాడి విషయంలో కోర్టులు ఈ సంగతిని కొంత ఉదారంగానే చూస్తాయి, అలా చూడటమే న్యాయం. జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. 1978లో మహారాష్ట్ర నుంచి సుప్రీంకోర్టుకు వచ్చిన కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ సంగతిని గట్టిగా చెప్పారు. తీర్పు నకలు సకాలంలో ఖైదీకి అందాలి, అతని దగ్గర డబ్బు లేకపోతే అప్పీలుకు ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టాలి అని. ఆ కేసు మత్తు పదార్థాలది కాదు, కానీ ఇవాళ గంజాయి కేసులో జైలు నుంచి కదిలే ప్రతి అప్పీలూ ఆ తీర్పు వేసిన దారిలోనే నడుస్తుంది.

నేరం ఒప్పుకున్నవాళ్ల పరిస్థితి వేరు. కోర్టులో నేరం అంగీకరించి శిక్ష తీసుకున్నవాడు శిక్ష ఎక్కువైందనో, చట్టవిరుద్ధమనో మాత్రమే అప్పీలు చేసుకోగలడు, నేరమే చేయలేదని అనలేడు. ‘ఒప్పేసుకో, తొందరగా బయటపడతావు’ అని పక్క బ్యారక్ వాళ్లు ఇచ్చే సలహా వెనుక ఉన్న ఈ నష్టాన్ని ముద్దాయికి ముందే విడమరచి చెప్పాల్సిన బాధ్యత లాయరుది.

జైలు నుంచి అప్పీలు

లాయరును పెట్టుకోలేని ఖైదీ తన అప్పీలును జైలు సూపరింటెండెంటుకు ఇస్తే చాలు, ఆయనే దాన్ని కోర్టుకు పంపాలి. దీన్నే జైలు అప్పీలు అంటారు. తెల్లకాగితం మీద తోటి ఖైదీ రాసిపెట్టిన నాలుగు వాక్యాలు, కింద ఎడమ బొటనవేలి ముద్ర, పక్కన ఖైదీ నంబరు, జైలు ముద్ర. ఆకారంలో అంతే. హైకోర్టుకు చేరాక న్యాయ సేవల కమిటీ ఒక లాయరును కేటాయిస్తుంది. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద ఈ హక్కు ఉంది.

వరంగల్ వాళ్లకు ఇందులో ఒక అదనపు కష్టం వచ్చిపడింది. నిజాం కాలం నాటి వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో ఖాళీ చేయించి, కూల్చి, ఆ స్థలాన్ని పెద్ద ఆస్పత్రికి ఇచ్చారు. ఖైదీలను చర్లపల్లి వంటి వేరే జైళ్లకు తరలించారు. ఆస్పత్రి అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ పరకాల నుంచో నర్సంపేట నుంచో ఒక తల్లి కొడుకును చూసి, వకాల్తా మీద సంతకం పెట్టించుకుని రావాలంటే అంతకుముందు పూటలో అయ్యే పని ఇప్పుడు రోజంతా పడుతుంది. కేసు నడిపిన లాయరు హనమకొండలో, ఖైదీ హైదరాబాద్ శివారులో. కేసు గుట్టుమట్లు తెలిసినవాడికీ, హైకోర్టులో వాదించేవాడికీ మధ్య కాగితాల కట్ట తప్ప మరో వంతెన ఉండదు. ఆ కట్టలో ఏ ఒక్క సాక్షి వాంగ్మూలం తగ్గినా నష్టపోయేది జైల్లో ఉన్నవాడే.

హైకోర్టు ఏం చూస్తుంది

పంచనామా దగ్గరే చదువు మొదలవుతుంది. ఎన్ని గంటలకు సమాచారం వచ్చింది, ఎవరు రాసుకున్నారు, పైఅధికారికి ఎప్పుడు పంపారు అన్నది మొదటి సంగతి. ఇల్లు, ప్రైవేటు వాహనం లాంటి చోట సోదా అయితే 42వ సెక్షను వర్తిస్తుంది. అందిన సమాచారాన్ని రాతలో పెట్టాలి, 72 గంటల్లో పైఅధికారికి పంపాలి. రైలు, ఆర్టీసీ బస్సు, ప్లాట్‌ఫారం లాంటి బహిరంగ చోటైతే 43వ సెక్షను. దానికి ఆ నియమం లేదు. 2021లో హరియాణా కేసులో సుప్రీంకోర్టు, రోడ్డు మీద ఆపిన జీపైనా అది సొంత వాహనమైతే 42వ సెక్షను పాటించాల్సిందేనని చెప్పి ముద్దాయిలను విడుదల చేసింది. కాబట్టి కాజీపేట ప్లాట్‌ఫారం మీద దొరికిన సంచికి ఒక లెక్క, ములుగు రోడ్డు మీద ఆపిన కారుకు మరో లెక్క.

ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా చేయించుకునే హక్కు ఉందని ముద్దాయికి చెప్పాలని 50వ సెక్షను అంటుంది. 1999లో, మళ్లీ 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు దీన్ని తప్పనిసరి అన్నాయి. అయితే చేతి సంచికి, సూట్‌కేసుకు ఇది వర్తించదని 2005లోనే అదే కోర్టు తేల్చింది. ఇరవై కిలోల గంజాయి ఎవరి జేబులోనూ పట్టదు. వాణిజ్య పరిమాణం కేసుల్లో 50వ సెక్షనునే పట్టుకుని పేజీలకు పేజీలు రాసిన అప్పీళ్లు చాలావరకు శ్రమ వృథా.

అసలు పట్టు 52ఎ సెక్షనులో ఉంది. పట్టుకున్న సరుకును మేజిస్ట్రేటు ముందుకు తేవాలి, జాబితా రాయాలి, ఫోటోలు తీయాలి, ఆయన సమక్షంలో నమూనాలు తీయాలి. గంజాయికి నమూనా 24 గ్రాములు, రెండేసి చొప్పున. ఆయన ధ్రువీకరించిన ఆ జాబితా, ఆ నమూనాలే కేసులో మూల సాక్ష్యమవుతాయి. మిగతా సరుకును తర్వాత కాల్చేయవచ్చు. 2016లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా గుర్తు చేసింది. 2022 డిసెంబరులో కేంద్రం ఇందుకు ప్రత్యేకంగా నియమావళి తెచ్చింది. అలవాటుగా జరిగింది మాత్రం వేరు. రోడ్డు పక్కనే అధికారి తానే నమూనా తీసి, సీలు వేసి, స్టేషనుకు తీసుకుపోయేవాడు. నమూనా కవరు మీద సీలు గుర్తేమిటి, స్టేషను మాల్‌ఖానా రిజిస్టరులో ఏ తేదీన ఎక్కింది, ప్రయోగశాలకు ఎవరు మోసుకెళ్లారు, అక్కడ అందినప్పుడు సీలు చెదరకుండా ఉందా? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు కాగితాల మీద కనబడాలి. కనబడకపోతే ప్రయోగశాల పరీక్షించిన పొట్లం ముద్దాయి దగ్గర దొరికిందేనని నమ్మడానికి ఆధారం ఉండదు.

అలాగని 52ఎ పాటించకపోతే చాలు, కేసు తనంతట తానే కూలిపోతుందని అనుకోకూడదు. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. ఆ లోపం వల్ల సాక్ష్యం మీద నిజంగా అనుమానం కలుగుతోందా అన్నదే చూడాలంది. సెక్షను నంబరు చూపి ఊరుకోకుండా, అది తప్పడం వల్ల ఈ కేసులో ఏం చెడిందో విప్పి చెప్పిన అప్పీలే ఇప్పుడు నిలబడుతుంది.

నేరాంగీకారం మరో పెద్ద సంగతి. ఎన్‌డీపీఎస్ చట్టం 67వ సెక్షను కింద అధికారికి ఇచ్చిన వాంగ్మూలాన్ని ఏళ్ల తరబడి నేరాంగీకారంగా వాడుకున్నారు. 2020 అక్టోబరు 29న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇద్దరి మెజారిటీతో, ఆ అధికారులు పోలీసు అధికారులతో సమానమని, వాళ్ల ముందు చెప్పిన నేరాంగీకారం చెల్లదని తీర్పిచ్చింది. సంచితో దొరికినవాడు పేరు చెప్పాడని మాత్రమే కేసులో ఇరికినవాళ్లకు ఈ తీర్పు ప్రాణం పోసింది.

పంచుల గురించీ ఒక మాట. సరుకు పట్టుకున్నప్పుడు సంతకం పెట్టిన మధ్యవర్తులు కోర్టుకొచ్చి ‘నాకేమీ తెలియదు, స్టేషనులో సంతకం పెట్టమంటే పెట్టాను’ అనడం మామూలే. ఒక్క దానితోనే అప్పీలు గెలవదు. అధికారుల సాక్ష్యం నమ్మదగ్గదిగా ఉంటే అది చాలని కోర్టులు అంటూ వచ్చాయి. ఇకముందు ఈ చిక్కు కొంత తీరవచ్చు. కొత్త సంహిత 105వ సెక్షను ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి, మొబైల్ ఫోనుతోనైనా సరే. కాగితం మీది తూకానికి, వీడియోలోని కాటాకు పొంతన ఉందో లేదో న్యాయమూర్తి తన కళ్లతో చూడవచ్చు.

ఒక తెలంగాణ కేసు

2009 మేలో హైదరాబాద్ పోలీసు టాస్క్‌ఫోర్స్, సంగారెడ్డి వైపు నుంచి వస్తున్న ఒక క్వాలిస్ బండిని ఆపి 80 కిలోల గంజాయి దొరికిందని కేసు పెట్టింది. 2010లో కింది కోర్టు నలుగురికి పదేళ్ల చొప్పున శిక్ష వేసింది. ముద్దాయిలు హైకోర్టుకు అప్పీలు చేశారు. ఆ అప్పీలు 2022 నవంబరు 10న కొట్టివేతకు గురైంది. అంటే పదేళ్ల శిక్ష మీద అప్పీలు తేలడానికి పన్నెండేళ్లు పట్టింది. వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 మార్చి 1న జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం నలుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది.

ఆ తీర్పు చదివితే పైన చెప్పిన సంగతుల్లో చాలావరకు ఒక్క కేసులోనే కనిపిస్తాయి. సంచుల్లో గంజాయితో పాటు మిరపకాయలు కలిసి ఉన్నాయి. వాటిని వేరు చేసి గంజాయిని విడిగా తూచలేదు. కాబట్టి 80 కిలోలన్న లెక్కకే ఆధారం లేకుండా పోయింది. నమూనాలు ఎన్ని, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయాయన్న దాని మీద సాక్షుల మాటలు పొసగలేదు. 52ఎ కింద మేజిస్ట్రేటు ముందు జరగాల్సిన తంతు జరగలేదు. అందుకే ఫోరెన్సిక్ నివేదికను సాక్ష్యంగా చదవడానికే కోర్టు ఒప్పుకోలేదు. మూడో, నాలుగో ముద్దాయిల మీద మొదటి ఇద్దరి విచారణలో వచ్చిన మాటలు తప్ప ఏమీ లేదు. ఇవన్నీ 2010లో కింది కోర్టు ముందూ ఉన్నాయి, హైకోర్టు ముందూ ఉన్నాయి. కొత్తగా ఏ సాక్ష్యమూ రాలేదు, ఉన్న కాగితాలనే మూడోసారి చదివారు.

అప్పీలు తేలేలోపు

పన్నెండేళ్లు పట్టే అప్పీలుకు, మధ్యలో బయటికి వచ్చే దారి లేకపోతే అర్థం లేదు. అదే శిక్ష నిలుపుదల. పాత స్మృతిలో 389, కొత్త సంహితలో 430వ సెక్షను. ఎన్‌డీపీఎస్ చట్టం 32ఎ సెక్షను ఒకప్పుడు ఈ దారిని మూసేసింది. శిక్ష నిలుపుదలకూ వీల్లేదు, తగ్గింపుకూ వీల్లేదు అంది. 2000 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ సెక్షనులో మొదటి భాగాన్ని, అంటే కోర్టు చేతులు కట్టేసిన భాగాన్ని కొట్టేసింది. రెండో భాగం మాత్రం అలాగే ఉంది. అందుకే సత్ప్రవర్తన చూసి శిక్ష తగ్గించే పద్ధతి గంజాయి ఖైదీలకు అందదు. హత్య కేసులో ఉన్నవాడికి ఉన్న ఆ ఆశ వీళ్లకు లేదు. వీళ్లకు మిగిలిన ప్రధాన దారి అప్పీలే.

నిలుపుదల అడిగినా, వాణిజ్య పరిమాణం కేసైతే 37వ సెక్షను అడ్డం నిలుస్తుంది. పబ్లిక్ ప్రాసిక్యూటరు వాదన వినాలి, ముద్దాయి దోషి కాడని నమ్మడానికి సహేతుక కారణాలు కోర్టుకు కనబడాలి, బయటికొస్తే మళ్లీ అదే నేరం చేయడన్న నమ్మకం కలగాలి. శిక్షలో పెద్ద భాగం ఇప్పటికే జైల్లో గడిచిపోయి, అప్పీలు ఇప్పట్లో విచారణకు వచ్చేలా లేదంటే కోర్టులు ఈ కాఠిన్యాన్ని సడలించిన సందర్భాలున్నాయి. మూడేళ్లకు మించని శిక్షల్లో, విచారణ కాలంలో బెయిలు మీద ఉన్నవాడికి అప్పీలు వేసుకునే వ్యవధి కోసం ప్రత్యేక కారణాలుంటే తప్ప కింది కోర్టే బెయిలు ఇవ్వాలి.

అప్పీలు చేస్తే ఉన్న శిక్ష పెరుగుతుందేమోనన్న భయం జైళ్లలో వినిపిస్తుంటుంది. ముద్దాయి వేసిన అప్పీలులో శిక్ష పెంచే అధికారం కోర్టుకు లేదు. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలు వేయాలి. లాయరు రాలేదని అప్పీలును కొట్టేయడానికీ వీల్లేదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది, రికార్డు చదివి తీర్పివ్వాల్సిందే. అప్పీలుదారు చనిపోతే దగ్గరి బంధువులు 30 రోజుల్లో అనుమతి కోరి దాన్ని కొనసాగించవచ్చు. కొడుకు పోయినా అతని మీద పడ్డ దోషి అన్న ముద్ర తీసేయించుకోవాలనుకునే తల్లిదండ్రులకు చట్టం ఆ అవకాశం మిగిల్చింది.

జరిమానా సంగతి చాలామంది పట్టించుకోరు. లక్ష రూపాయలు కట్టలేకపోతే అదనంగా జైలు ఉంటుంది. సరుకు మోసిన కూలీకి లక్ష ఎక్కడి నుంచి వస్తుంది? 2007లో సుప్రీంకోర్టు ఒక పేద ముద్దాయి కేసులో పదేళ్ల శిక్షను ముట్టుకోకుండానే, జరిమానా కట్టనందుకు వేసిన మూడేళ్లను ఆరు నెలలకు తగ్గించింది. కేసు మొత్తం ఓడినా ఈ ఒక్క విన్నపం నెగ్గితే మనిషి రెండున్నరేళ్లు ముందు ఇంటికి వస్తాడు. అప్పీలు కారణాల్లో ఈ వాక్యం రాయడం మరచిపోకూడదు.

హైకోర్టు కొట్టేస్తే 90 రోజుల్లో సుప్రీంకోర్టుకు ప్రత్యేక అనుమతి కోరుతూ పిటిషను వేసుకోవచ్చు. విడుదల చేస్తే ఆ ఉత్తర్వు ముందు శిక్ష వేసిన హనమకొండ కోర్టుకు చేరాలి, అక్కడి నుంచి జైలుకు విడుదల వారంటు వెళ్లాలి. ఒడిశాలోనో ఆంధ్రలోనో అతని మీద మరో కేసు వారంటు ఉంటే, చర్లపల్లి గేటు దగ్గర బట్టల సంచితో నిలబడ్డ మనిషిని మళ్లీ లోపలికే తీసుకెళ్తారు. అందుకే అనుభవమున్న లాయర్లు హైకోర్టులో తీర్పు రాకముందే ఖైదీ పేరు మీద ఇంకెక్కడైనా వారంటు ఉందేమో జైలు రికార్డులో చూపించుకుని, దాని సంగతీ తేల్చుకుని ఉంచుతారు.